గువ్వకు ఇచ్చిన వాక్యం

మా పెద్దమ్మను చర్చి పిల్లలందరూ టేపమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా అంటే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు. ఆమెది కుట్టుపని. మెడలో వేసుకున్న కొలతల టేపును ఆదివారం కూడా తీసేది కాదు. మరిచిపోయానని చెప్పేది గాని, అది నిజమో కాదో నాకెప్పుడూ తేలలేదు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ఆమె వేళ్ళు ఆ టేపు కొసను చుడుతూ, విప్పుతూ ఉండేవి. కొత్తగా వచ్చిన రోజుల్లో పాస్టరుగారు అది చూసి, "ఏమిటమ్మా, నా ప్రసంగం పొడవు కొలుస్తారా?" అని సరదాకు అడిగారు. పెద్దమ్మ నవ్వలేదు. "పొడవు బాగానే ఉందండీ, వెడల్పే కాస్త తక్కువ" అంది. ఆయన మళ్ళీ ఆమెతో హాస్యమాడిన పాపాన పోలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది. మంచిమాటలు చెప్పేవాళ్ళు చెప్పారు, ఫోటోకు దండ వేసేవాళ్ళు వేశారు. వాళ్ళు చెప్పిన మంచిమాటలన్నీ నిజమే గాని, వాటిలో మా పెద్దమ్మ లేదు. పొగడ్తలకు సరిపడే మనిషి కాదామె. మాట కరుకు, చూపు కరుకు, చేసిన పనిలో తప్పుందంటే ఒప్పుకోవడం బొత్తిగా చేతకాదు. అందుకే ఆమె జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దదనిపించిన సంగతి ఒకటి నేనే రాయాలని కూర్చున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. భర్త పోయాక మా ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఆమె కుట్టిన చొక్కా బట్ట చిరిగేది గాని కుట్టు ఊడేది కాదు. ఎవరైనా వచ్చి చంక దగ్గర బిగుతైందంటే, "చొక్కా బిగుతవలేదు, నువ్వే లావయ్యావు" అని తిప్పి పంపేది. వారంలో ఆరు రోజులూ మిషను. ఏడో రోజు ఉదయం, పెద్దల ఆరాధన మొదలుకాకముందు, చర్చి వెనక గదిలో పిల్లలకు సండే స్కూలు. విరిగిన బెంచీలు, మడత కుర్చీలు, పాత మైకు సెట్టు అన్నీ ఒక మూలకు నెట్టి, మిగిలిన సగం గదిలో చాప పరిచేవాళ్ళం. పెద్ద పిల్లలు ఆమెకు, చిన్నవాళ్ళు నాకు. ఆ తర్వాత ఆరాధనలో కీబోర్డు వాయించేది కూడా నేనే.

బైబిలు వాక్యం కంఠతా నేర్పడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. బోర్డు మీద వాక్యం మొత్తం రాసేది. పిల్లలు ఒకసారి చదవగానే ఒక మాట తుడిచేసేది. మళ్ళీ చదివితే ఇంకో మాట. అలా తుడుచుకుంటూ పోతే చివరికి బోర్డు నల్లగా మిగిలేది, వాక్యం పిల్లల నోళ్ళలో ఉండేది. "బోర్డు మీద ఉన్నంతసేపూ అది బోర్డుది. తుడిచాక మిగిలిందే మీది" అనేది. ఉపమానాలు చెప్పడం పూర్తిగా వేరు. కథ అయిపోగానే, "ఇందులో నువ్వెవరు?" అని ఒక్కొక్కరినీ అడిగేది. విత్తనాలు చల్లేవాడి కథైతే అందరూ మంచి నేలే. దారిలో పడి ఉన్నవాణ్ణి కాపాడిన పరాయివాడి కథైతే అందరూ కాపాడినవాళ్ళే. ఒకసారి ఒక గడుగ్గాయి మాత్రం "నేను గాడిదనండీ" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు గాని పెద్దమ్మ వాణ్ణి దగ్గరకు తీసుకుంది. "గాయపడ్డవాణ్ణి మోసింది అదేరా" అంది.

ఏడాదికొకసారి పిల్లల ఆదివారం వచ్చేది. ఆ రోజు పిల్లలు ఒక్కొక్కరే అందరి ముందూ చిన్న స్టూలెక్కి తమ వాక్యం ఒప్పజెప్పాలి. మిగతా చోట్ల ఈ వాక్యాలను పుస్తకంలో ఉన్న వరసలో పంచేస్తారు. పెద్దమ్మకు అది గిట్టదు. "రెడీమేడు నా దగ్గర దొరకదు" అనేది. నెలల తరబడి ఒక్కొక్క పిల్లను చూసి, ఆ పిల్లకు సరిపడే వాక్యం వెతికి ఇచ్చేది. అయినదానికీ కానిదానికీ కొట్లాడేవాడికి మెత్తని మాట గురించి, చీకటంటే జడిసేవాడికి వెలుగు గురించి. దీంతో చర్చిలో ఒక వింత అలవాటైంది. పిల్ల స్టూలెక్కి వాక్యం చెప్పగానే, ఆ పిల్ల గుణమేమిటో పెద్దలు పట్టేసేవారు. "ఓహో, మీవాడికి కోపం ఎక్కువన్నమాట" అని ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నవ్వుకునేవారు. తల్లిదండ్రులు పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు ఆ రోజు కోసం చూసేవారు. ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎవరి మీదకో వస్తుందని నాకు అనిపించేది. ఒకటి రెండుసార్లు అన్నాను కూడా. "నా కత్తెర నాకు తెలుసులే" అంది పెద్దమ్మ.

ఇక గొర్రె సంగతి. కథలు చెప్పడానికి ఆమె దగ్గర ఒక బొమ్మల బోర్డు ఉండేది. చెక్క మీద పాత కంబళి బిగించి తనే చేసుకుంది. బొమ్మలన్నీ మిషను దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో కత్తిరించినవి, ముఖాలు దారంతో కుట్టినవి. వెనకవైపు గరుకు కాగితం అంటించేది. కంబళి మీద పెట్టి నొక్కితే చాలు, బొమ్మ అక్కడే నిలబడేది. మందనంతా విడిచి, తప్పిపోయిన ఒక్క గొర్రెను కాపరి వెతికి భుజాన మోసుకొచ్చే కథకు ఒక మందనే కత్తిరించింది. అన్నిటిలోకీ తప్పిపోయే గొర్రెను మాత్రం తువ్వాలు గుడ్డతో చేసింది. బొద్దుగా, ఒక చెవి కిందికి వాలి ఉండేది. కథ చెప్పే రోజున దాన్ని ముందే గదిలో ఎక్కడో దాచేది. పిల్లలు వెతకాలి. దొరికినవాళ్ళు దాన్ని భుజం మీద పెట్టుకుని గది చుట్టూ తిరిగి బోర్డు మీద అంటించాలి. ఆ భాగ్యం కోసం పిల్లలు ప్రాణం పెట్టేవారు.

గువ్వ లాండ్రీ ఆయన కూతురు. ఆ పేరు పెద్దమ్మ పెట్టిందే. చప్పుడు లేకుండా వచ్చి కిటికీ పక్కన ఒదిగి కూర్చునేది, అందుకని. ఆయన ఆదివారం కూడా పొద్దున్నే షాపు తెరిచి, పిల్లను అందరికంటే ముందు చర్చి దగ్గర దింపి, ఆరాధన వేళకు తను వచ్చేవాడు. గువ్వకు ఎన్నడూ గొర్రె దొరకలేదు. చురుకైన పిల్లలు తోసుకుంటూ ముందుకు పోయేవారు, ఆ పిల్ల వెనకబడేది. ఆ ఏడాది పెద్దమ్మ దానికి కాపరిని గురించిన వాక్యం ఇచ్చింది, కాస్త పొడవైనదే. గువ్వ దాన్ని ఎంత బాగా నేర్చుకుందంటే, బోర్డు సగం తుడవకముందే కళ్ళు మూసుకుని చివరిదాకా చెప్పేసేది.

పిల్లల ఆదివారం ఇక వారం ఉందనగా పెద్దమ్మ గొర్రె కథ మొదలుపెట్టింది. చలికాలం పోతూ పోతూ ఉన్న రోజులు. పొద్దున చలిగా ఉందని భుజాన ఉన్ని శాలువా వేసుకుని వచ్చి, గొర్రెను కిటికీ కర్టెన్ వెనక దాచింది. కథ చెప్పింది, "పదండి, వెతకండి" అంది. పిల్లలు గదంతా తిరగేశారు. కుర్చీల కింద, మైకు పెట్టెలో, చివరికి నా బ్యాగులో. ఎవరికీ దొరకలేదు. పెద్దమ్మ తనే వెళ్ళి కర్టెన్ ఎత్తింది. గొర్రె లేదు.

"ఎవరు తీశారు?" అంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిటికీ పక్కన గువ్వ ఒక్కసారిగా ఏడ్చేసింది.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టని మనకొక సామెత ఉంది కదా. ఎవరు కనిపెట్టారో గాని, దానివల్ల ఎంతమంది అమాయకులు దొంగలయ్యారో దేవుడికే తెలియాలి. అందరికంటే ముందు వచ్చింది, కిటికీ పక్కన కూర్చుంది, అడిగీ అడగ్గానే ఏడ్చింది. పెద్దమ్మకు ఇంకేం కావాలి? ఆ పిల్లను ఒక్క మాటైనా అనలేదామె. తిట్టలేదు, సంచీ వెతకలేదు. ఆ ఓర్పే గొప్పనుకుంది. ఇంటికొచ్చాక మాత్రం నాతో అంది:

"దాని వాక్యం మారుస్తున్నాను."

"ఏమని?"

"దొంగతనం చేయొద్దన్న ఆజ్ఞ. చిన్నదే కదా, వారంలో వచ్చేస్తుంది."

"పెద్దమ్మా, అది అందరి ముందూ చెప్పాలి. అందరికీ అర్థమైపోతుంది."

"నేనేమైనా కొట్టానా, తిట్టానా? వాక్యంతో బుద్ధి చెబుతున్నాను. ఆ పిల్ల వచ్చి గొర్రెను ఇచ్చేస్తే, పాత వాక్యమే చెప్పిస్తాను."

మా అమ్మ కూడా, "వద్దక్కా, పసిది" అంది. పెద్దమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆమె మిషను మొదలుపెట్టిందంటే మాటలు అయిపోయినట్టే.

ఆ ఆదివారం గువ్వ స్టూలెక్కింది. చొక్కాకు ముడత లేదు, లాండ్రీ ఆయన కూతురు మరి. చేతులు కట్టుకుని, ఆ ఆజ్ఞను ఒక్క తప్పు లేకుండా చెప్పింది. చెప్పి దిగబోయింది. ముందు వరసలో ఎవరో పిల్లవాడు కిసుక్కుమని, "గొర్రె దొంగ" అన్నాడు. గుసగుస ఆ వరస నుంచి వెనక్కి, అక్కణ్ణుంచి పెద్దల వరసల్లోకి పాకింది. లాండ్రీ ఆయన మొదట నవ్వుతూనే ఉన్నాడు, కూతురు బాగా చెప్పిందని. పక్కాయన వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన లేచాడు. మెల్లగా ముందుకు నడిచి వచ్చి, స్టూలు దగ్గర నిలబడిపోయిన కూతురి చెయ్యి పట్టుకుని, నడవలోంచే బయటికి తీసుకెళ్ళిపోయాడు. నేను పాట అందుకోవాలి. వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి గాని కదల్లేదు.

మరో వృత్తిలో ఉన్న మనిషైతే వారం రోజుల్లో ఆ మాట మాసిపోయేదేమో. లాండ్రీకి బట్టలు వేసేవాళ్ళు జేబుల్లో ఏవేవో మరిచిపోతారు. గుండీలు, ఉంగరాలు, తాళాలు. ఆయన ప్రతిదీ కాగితంలో చుట్టి బట్టలతోపాటు తిరిగి ఇచ్చేవాడు. ఆ నమ్మకం మీదే షాపు నడిచేది. ఇప్పుడు జనం ఆయన కళ్ళెదుటే జేబులు దులిపి మరీ ఇవ్వడం మొదలుపెట్టారు. కొందరు పక్కవీధి షాపుకు మళ్ళారు. "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అన్నారు. అవి మా చర్చివాళ్ళ మాటలే. ఆ తండ్రీ కూతుళ్ళు మళ్ళీ చర్చి గుమ్మం తొక్కలేదు. పెద్దమ్మ ఇంకో గొర్రెను కత్తిరించుకుంది.

మళ్ళీ చలి వచ్చింది. ఒక సాయంత్రం పెద్దమ్మ పెట్టె తెరిచి ఉన్ని శాలువా తీసి దులిపింది. నేను అక్కడే కూర్చుని గుండీలు కుడుతున్నాను. దులిపిన శాలువా ఆమె చేతుల్లో అలాగే ఆగిపోయింది. లోపలివైపు, అంచుకు దగ్గరగా, ఆ గొర్రె అంటుకుని ఉంది. గరుకు కాగితం ఉన్నిని గట్టిగా కరుచుకుంది. కర్టెన్ వెనక పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడే శాలువాతో పాటు వచ్చేసి ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని వినడమే గాని, కళ్ళారా చూడడం అదే మొదటిసారి.

పెద్దమ్మ దాన్ని పీకలేదు. శాలువాను అలాగే ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. నాకు కోపం కట్టలు తెంచుకుంది. ఏవేవో అనేద్దామని నోరు తెరిచాను. ఆమె మొహం చూశాక మళ్ళీ గుండీ అందుకున్నాను. ఎంత పెద్ద కష్టంలోనైనా నిటారుగా కూర్చునే మనిషి, అప్పుడు వంగిపోయి ఉంది.

"ఆ పిల్ల ఏడ్చింది కదే," అంది చివరికి. "ఏడిస్తే నేనేం చేశాను?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. వీధి చివర చిన్న షాపు, ముందు చెక్క కౌంటరు, వెనక ఆవిరి. గువ్వ బడికి వెళ్ళింది. పెద్దమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. శాలువా కూడా చూపించింది. "నన్ను క్షమించు బాబూ" అంది. ఆమె నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. ఆయన ఇస్త్రీ పెట్టెను పక్కన నిలబెట్టాడు. గొంతు పెంచలేదు.

"టీచరమ్మా, ఆ మాట అన్నది అందరి ముందు. వెనక్కి తీసుకునేది నా ఒక్కడి ముందా?"

పెద్దమ్మ శాలువా మడిచి చంకలో పెట్టుకుని వెనుదిరిగింది.

ఏం చేయాలో ఆమెకు ఆ రోజే తెలుసు. చేయడానికి మాత్రం నెలలు పట్టింది. అందులో దాచేదేం లేదు, ఆమెకు భయమేసింది. ఆ చర్చిలో సగం మంది ఆమె దగ్గర వాక్యాలు నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళందరి ముందు తప్పు ఒప్పుకోవడమంటే, అన్నేళ్ళ పాటు నిలబెట్టుకున్న పరువు ఒక్క పూటలో జారవిడుచుకోవడమే. పాస్టరుగారితో చెబితే ఆయన ఇబ్బందిగా కదిలారు. "తండ్రితో చెప్పారు కదమ్మా, అది చాలు. టీచరే తప్పు చేసిందంటే పిల్లలు రేపటినుంచి మాట వింటారా?" అన్నారు. సంఘ పెద్దల్లో ఒకాయన ఇంకో మెట్టు పైకెక్కి, "గుడ్డముక్క కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "గుడ్డముక్క కోసమే కదండీ ఆ పిల్లను పోగొట్టుకున్నాం" అన్నాను. ఆయన మళ్ళీ నాతో మాట్లాడడానికి చాలాకాలం పట్టింది, దానికి నేనేం బాధపడలేదు.

ఇంట్లో మా అమ్మ మెల్లగా నచ్చజెప్పబోయింది. "కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు అక్కా. అయిందేదో అయింది."

"తీసుకోలేమని తీసుకోకుండా కూర్చుంటే ఎలాగే?" అంది పెద్దమ్మ. అంతే, మళ్ళీ మిషను.

గొర్రె కథ మాత్రం ఆమె చెప్పడం మానేసింది. పిల్లలు అడిగితే వేరే కథ ఎత్తుకునేది.

పిల్లల ఆదివారం మళ్ళీ వచ్చింది. లాండ్రీ ఆయనకు పెద్దమ్మ ముందుగానే కబురు పెట్టింది, రమ్మని. వాళ్ళు రాలేదు. పెద్దమ్మ వెనక వరస దాకా చూసి, తలుపు దగ్గర కూడా చూసి, తన చోట కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే స్టూలెక్కారు, దిగారు. చివరి పిల్ల దిగాక నేను పాట ఎత్తుకోబోతుంటే పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. లేచి స్టూలు దగ్గరికి నడిచింది. మాట్లాడుతుందనుకున్నాను. స్టూలెక్కుతుందనుకోలేదు. మోకాళ్ళ నొప్పి మనిషి, బల్ల అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎక్కింది. పిల్లలు కొందరు నవ్వారు. పక్కనున్న పిల్లలు వాళ్ళను గిల్లారు.

ఆమె చేతులు కట్టుకుంది. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞను, పిల్లలకు తను నేర్పినట్టే, తొందరపడకుండా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. ఆ చర్చిలో ఆమె వాక్యాన్ని అర్థం చేసుకోలేనివాళ్ళు లేరు. ఆ అలవాటు చేసింది ఆమే.

"ఈ ఏడాది ఈ వాక్యం నాకు నేనే ఇచ్చుకున్నాను," అంది. "లాండ్రీ ఆయన కూతురు గొర్రెను తీయలేదు. అది నా శాలువాకే అంటుకుని ఉంది. పిల్లను దొంగను చేసింది నేను. ఇక్కడ అన్నాను కాబట్టి ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. పోయినసారి నా మాటను మీరు ఎక్కడెక్కడికి మోసుకెళ్ళారో, ఇదీ అక్కడిదాకా మోసుకెళ్ళండి. దయచేసి."

దిగేటప్పుడు ఎవరూ చెయ్యి అందించలేదు. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఒకప్పుడు 'నేను గాడిదనండీ' అన్న ఆ పిల్లవాడు, అప్పటికి కాస్త పొడవయ్యాడు, వచ్చి భుజం ఆనించాడు. నేను పాట వాయించాను, సగం తప్పులే.

మాట మోసుకెళ్ళడంలో మా వాళ్ళకు ఎవరూ సాటి రారు. ఈసారి ఆ గుణమే మేలు చేసింది. వారం తిరక్కముందే బట్టల మూటలు పట్టుకుని ఒక్కొక్కరూ ఆ కౌంటరు దగ్గరికి వెళ్ళారట. జేబులు చూడకుండా ఇచ్చారట. కొందరు చెప్పారు, కొందరు చెప్పడానికి మొహం చెల్లక ఊరికే నిలబడి వచ్చారట.

శనివారం మధ్యాహ్నం పెద్దమ్మ మళ్ళీ బయల్దేరింది. నేనూ వెళ్ళాను. లాండ్రీ ఆయన మమ్మల్ని చూసి తల ఊపాడు.

"విన్నానమ్మా. నా మటుకు నాకు చాలు. అమ్మాయి సంగతి అమ్మాయినే అడగండి."

గువ్వ కౌంటరు వెనక నేల మీద కూర్చుని, ఉతకాల్సిన బట్టలకు నంబరు చీటీలు గుచ్చుతోంది. ఏడాదిలో పొడుగైంది, మొహంలో పసితనం తగ్గింది. తలెత్తి చూసి మళ్ళీ పని చేసుకుంటోంది. పెద్దమ్మ కౌంటరు బయట, ఎండలో నిలబడింది.

"గువ్వా, తప్పు నాదమ్మా. అందరి ముందూ చెప్పాను."

"తెలుసండీ."

"ఆ రోజు నువ్వు ఏడిస్తే..."

"ఎందుకు ఏడుస్తున్నావని మీరు అడగలేదు," అంది గువ్వ.

పెద్దమ్మ కౌంటరు మీదికి వంగింది. "ఎందుకు ఏడ్చావు?"

"మీరు దాచడం బయటనుంచి చూశాను. ఒక్కసారైనా నాకు దొరకాలని. మీరటు వెళ్ళగానే కర్టెన్ ఎత్తి చూశాను. అక్కడ లేదు. లేదని చెబితే ముందే చూశానని మీకు తెలిసిపోతుంది కదా."

ఇంత చిన్న సంగతి. అడిగి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. పెద్దమ్మ చేతులు మెడలోని టేపును వెతుక్కున్నాయి. గువ్వ ఇంకో చొక్కాకు చీటీ గుచ్చి పక్కన పెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ గొర్రె మీకు దొరక్కపోయుంటే, నాకోసం వచ్చేవారా?"

లోపల ఇస్త్రీ చప్పుడు ఆగిపోయింది. వచ్చేదాన్నని చెప్పు పెద్దమ్మా అని నేను మనసులో వేడుకున్నాను. ఆ మాట ఎవరైనా అంటారు. పసిపిల్ల మనసు కుదుటపడడానికి ఆ మాత్రం అబద్ధం చెబితే తప్పేముంది? నేనైతే చెప్పి ఉండేదాన్ని.

"రాను," అంది పెద్దమ్మ. "వచ్చేదాన్ని కాదు. నువ్వు దొంగవనే అనుకుంటూ ఉండేదాన్ని. మిగతా పిల్లలున్నారు కదా అని ఊరుకునేదాన్ని. అన్నేళ్ళు ఆ కథ చెప్పాను గాని, నువ్వు తీసినా తీయకపోయినా నిన్ను వెతుక్కుంటూ రావాలని నాకు తోచలేదు."

గువ్వ అప్పుడు తలెత్తింది. ఆమె వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో నాకు దయ కనబడలేదు, కోపమూ కనబడలేదు. బట్ట మీద మరక పోయిందా లేదా అని చూసేవాళ్ళు అలా చూస్తారు.

"నేను సండే స్కూలుకు రాను టీచరమ్మా."

"నువ్వు రావద్దు," అంది పెద్దమ్మ. "నేనే వస్తాను."

గువ్వ లేచి కౌంటరు చెక్క ఎత్తి పట్టుకుంది. "లోపలికి రండి, బయట ఎండగా ఉంది" అంది. పెద్దమ్మ వంగి లోపలికి వెళ్ళి, బట్టల గుట్ట పక్కన, నేల మీదే కూర్చుంది. కాసేపయ్యాక గువ్వ చీటీల డబ్బా మధ్యకు జరిపి, గుట్టలో సగం ఆమె వైపు నెట్టింది.